పచ్చగాజుల అప్పీలు

కొత్తగా న్యాయమూర్తులైన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్, అప్పీళ్ళు వినడం మీరెలా నేర్చుకున్నారు?" అని అడుగుతారు. ఏవో పెద్ద పుస్తకాల పేర్లు చెబుతాననుకొని పెన్నులు తీస్తారు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి రావడం వల్ల నేర్చుకున్నానని చెబితే పెన్నులు మూసేసి కాఫీ తాగుతారు. కానీ నిజం అదే. అప్పీలు వినడానికి నేను మొట్టమొదట కూర్చున్న బెంచీ నా మోకాలి ఎత్తు కూడా లేదు. ఎల్.కె.జి. పిల్లల బెంచీ అది. దాని మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. ఎదురుగా వాదీ ప్రతివాదీ కూడా అలాగే ముడుచుకొని కూర్చునేవాళ్ళు. ముగ్గురం కప్పల్లా ఉండేవాళ్ళం. తరవాత హైకోర్టులో ఎత్తైన వేదికా, వెనక్కి వాలే కుర్చీ, ముందు నడిచే బంట్రోతూ అన్నీ వచ్చాయి. వాటి గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎప్పుడు పదవి వచ్చింది, ఎక్కడికి బదిలీ అయింది అనేవి నాకే గుర్తులేవు. కప్ప బెంచీ గుర్తుంది.

కుర్చీకి మహిమ లేదు

ముందు ఈ మాట చెప్పేస్తాను. కోపమొస్తే రానివ్వండి. న్యాయమూర్తి కుర్చీకి ఏ మహిమా లేదు. నల్ల గౌను తొడుక్కోగానే మెదడు పదునెక్కదు. చెమట ఎక్కువ పడుతుంది, అంతే.

మా నాన్న ప్రొద్దుటూరులో బడిపంతులు. ఆదివారం సాయంత్రాలు లైబ్రరీ అరుగు మీద వాదసభలు పెట్టేవాడు. దయ్యాలున్నాయా, జాతకాలు నిజమా, కులం పుట్టుకతో వచ్చిందా, పుట్టించింది మనమా? గెలిచినవాళ్ళకీ ఓడినవాళ్ళకీ ఒకే బహుమతి, బొరుగులూ మిరపకాయ బజ్జీలూ. ఆ అరుగు మీద నేను నేర్చుకున్న విద్య ఎదుటి మనిషిని మూడు మాటల్లో కింద పడెయ్యడం. దానిలో నాకు చాలా పేరుండేది.

హైకోర్టులో ప్రమాణ స్వీకారం ముందు ఒక అధికారి ఫోన్ చేసి, "మంచి ముహూర్తం చూడమంటారా మేడమ్?" అన్నాడు. "రాహుకాలంలో పెట్టండి, హాలు ఖాళీగా దొరుకుతుంది" అన్నాను. ఆయన నవ్వలేదు. నేను మాత్రం ఇంటికి చేరేదాకా నవ్వాను. ప్రమాణం రాహుకాలంలోనే చేశాను. పిడుగు పడలేదు. నా గదిలో ఏసీ ఒకసారి పాడైంది. ముహూర్తం చూసుకొని వచ్చినవాళ్ళ గదుల్లో కూడా పాడైంది.

చిలక కేసు

మా ఆయన కువైట్‌లో, షుఐబా అనే చోట ఒక ప్లాంటులో ఇంజనీరు. ఫింటాస్‌లో సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్ళం. నేను వకీలునే అయినా అక్కడ వాదించే హక్కు లేదు కాబట్టి నగరంలో ఒక న్యాయ కార్యాలయంలో చేరాను. మన పనివాళ్ళు తెలుగులో, హిందీలో చెప్పుకున్న గోడును ఇంగ్లీషులో పెట్టడం నా పని. మా పెద్దాయన ఈజిప్టు మనిషి, ఉస్తాద్ అనీస్. గుండ్రంగా ఉండేవాడు. చక్కెర వేసిన టీలో మళ్ళీ చక్కెర వేసుకునేవాడు. నన్ను 'బింతీ' అనేవాడు. అమ్మాయీ అని అర్థం.

ఆయన దగ్గరికి ఒక కేరళ వంటవాడి కేసు వచ్చింది. యజమాని చిలక చచ్చిపోయింది. వంటవాడే ఏదో పెట్టి చంపాడని కింది కోర్టు తేల్చింది. అప్పీలులో అనీస్ లేచి కింది జడ్జికి పక్షుల గురించి ఏమీ తెలియదని వాదించడం మొదలుపెట్టాడు. చిలకకీ కోడికీ తేడా తెలియని పెద్దమనిషి అన్నాడు. ఈకలు లెక్కపెట్టి తీర్పులు రాస్తారా అన్నాడు. హాల్లో అందరూ నవ్వారు. నేను చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టబోయి ఆగాను. పైన కూర్చున్న జడ్జి మాత్రం నవ్వలేదు. వంటవాణ్ణి ఇండియాకు పంపేశారు.

మెట్లు దిగుతూ అనీస్ అన్నాడు. "బింతీ, ఈ రోజు నేను చాలా బాగా మాట్లాడాను కదా?"

"చాలా బాగా ఉస్తాద్!"

"అందుకే ఓడిపోయాం. తప్పు తీర్పు చెప్పినవాణ్ణి గదిలో పెట్టి తలుపులన్నీ మూసేశాను. ఆ తరవాత బయటికి రమ్మన్నాను. వాడు ఎలా వస్తాడు? వాడు రాకపోతే నా వంటవాడు ఎలా వస్తాడు?"

నేను ఊ కొట్టాను. ఒక్క ముక్క కూడా లోపలికి పోలేదు. ఆ రోజుల్లో నాకు నవ్వించినవాడే గెలిచినవాడు.

కప్ప బెంచీ

ఇరాక్ సైన్యం వచ్చాక ఫింటాస్ తీరమంతా సైనికులే. కార్యాలయం మూతపడింది. అనీస్ ఈజిప్టు దారి పట్టాడు. మేము రెండు పెట్టెలతో, మనవాళ్ళు ఎక్కువగా ఉండే అబ్బాసియా చేరాం. అక్కడ ఒక బడిలో మన జనం పోగయ్యారు. కడప, రాయచోటి, రాజంపేట వాళ్ళే ఎక్కువ. బస్రా మీదుగా అమ్మాన్ దాకా బస్సులో పోతే అక్కణ్ణుంచి విమానం ఉందని వినికిడి. ఆ బస్సు కోసం అందరి ఎదురుచూపు.

జనం ఉన్నచోట తగాదాలుంటాయి. కాబట్టి ఒక కమిటీ వెలిసింది. దాని పెద్ద ఓబులేసు. షుఐబాలో కూలీల మీద ఫోర్‌మన్‌గా చేసినవాడు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుండేది. చెక్‌పోస్టులో ఉన్న ఇరాకీ అధికారిని మాటల్లో పెట్టి మంచి చేసుకున్నది ఆయనే. బస్సులు కుదిర్చింది కూడా ఆయనే. కమిటీలో రెండో మనిషి ఖాదర్ బాషా. రాయచోటి నుంచి వచ్చి హోటలు నడిపినవాడు. దగ్గరున్న బియ్యంతో అందరికీ వండి పెట్టేవాడు. వడ్డించేటప్పుడు ప్రతి ఒక్కరి మీదా ఒక జోకు వేసేవాడు.

ఓబులేసు తీర్పులు వేగంగా ఉండేవి. గురక పెట్టేవాడు వరండాలో పడుకోవాలి, ఖలాస్. ఊరగాయ జాడీ మూత తీస్తే అందరికీ పంచాలి, ఖలాస్. ఓడినవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. అప్పుడు ఖాదర్ బాషా అన్నాడు. "ఓబులేసన్నా, కింద కోర్టు ఉంటే పైకోర్టు ఉండాల కదా. లేకపోతే నీకు గౌరవం యాడిది? మన లాయరక్కను కూర్చోబెడదాం."

తన కింద పైకోర్టు ఉండడం ఓబులేసుకు చాలా నచ్చింది. ఆ ఏర్పాటులో తిరకాసు ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. అలా నేను ఎల్.కె.జి. గదిలో, గోడ మీద ఏనుగు బొమ్మ కింద, అప్పీళ్ళు వినడం మొదలుపెట్టాను. మొదటిది గురక కేసు. అప్పీలుదారు నా ఎదుటే వాదనల మధ్య నిద్రపోయి గురక పెట్టాడు. కింది తీర్పు ఖాయం చేశాను. బయట ఊళ్ళో ఫిరంగి బండ్లు తిరుగుతున్నాయి, మేం లోపల పొట్ట పట్టుకొని నవ్వుతున్నాం. భయం ఎక్కువైనప్పుడు మనిషికి నవ్వు ఇంత సులభంగా వస్తుందని నేనెక్కడా చదవలేదు.

పళ్ళెంలోకి ఎవరొచ్చారు?

ఒక పొద్దున రేడియో పోయింది.

బడి మొత్తానికి ఒకటే రేడియో. ఏ సరిహద్దు తెరిచారో, విమానం ఎప్పుడో చెప్పేది అదే. అది పోతే చెవులు పోయినట్టే. ఓబులేసు ఈల ఊదాడు. అందరిచేతా వెతికించాడు. దొరకలేదు. అప్పుడెవరో అన్నారు, అంజనం వేద్దామని.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పోయిన వస్తువు ఎవరు తీశారో కనుక్కోవడానికి మన వైపు అంజనం వేస్తారు. దీపపు మసిని నూనెలో కలిపి తమలపాకు మీద పూస్తారు. ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషిని దాంట్లోకి చూడమంటారు. పక్కనున్న పెద్దమనిషి అడుగుతుంటాడు, ఊడ్చేవాడు వచ్చాడా, కళ్ళాపి చల్లాడా, కుర్చీ వేశాడా, ఆంజనేయస్వామి వచ్చి కూర్చున్నాడా అని. స్వామి కూర్చున్నాక దొంగను చూపిస్తాడు. అబ్బాసియాలో ఆ రోజు తమలపాకు లేదు. ఖాదర్ బాషా హోటలు స్టీలు పళ్ళెం ఉంది. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు చిన్నయ్య దొరికాడు. దర్జీ, నోట్లో నాలుక లేనివాడు. ఆయన చూశాడు. దొంగ ఆడమనిషనీ, పచ్చగాజులు వేసుకుందనీ తేలింది.

పచ్చగాజులు రమణమ్మవి. చిట్వేలు దగ్గరి మనిషి. ఒక ఇంట్లో పని చేసేది. ఆ ఇంటి యజమానురాలూ, పిల్లలూ కార్లలో సౌదీ వైపు వెళ్ళిపోయారు. ఈమెను ఇంట్లోనే వదిలేశారు. గుడ్డలు దిండు గలీబులో కుక్కుకొని ఒక్కతే నడుచుకుంటూ అబ్బాసియా వచ్చింది. రేడియో ఉన్న గది ఊడ్చేది ఆమే.

ఓబులేసు తీర్పు చెప్పాడు. మధ్యాహ్నం బయలుదేరే బస్సులో రమణమ్మకు సీటు లేదు. ఆఖరి బస్సులో చూద్దాం. ఆఖరి బస్సు ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు. ఒంటరి ఆడమనిషి ఆగడానికి ఇల్లు లేదు, మనిషి లేడు.

ఆమె ఏడవకుండా నేరుగా ఏనుగు గదిలోకి వచ్చి బెంచీ మీద ముడుచుకొని కూర్చుంది.

"అమ్మా, పైకోర్టు నువ్వే కదా?"

"నేనే."

"నేను తీయలే. పచ్చగాజులు ఏసుకునింది కువైట్ మొత్తంలో నేనొక్కదాన్నేనా? మధ్యాన్నం బస్సు పోతాది. అంతలోపల చెప్పు."

నాకు ఒళ్ళంతా ఉత్సాహం పొంగింది. అంజనం! ప్రొద్దుటూరు అరుగు మీద ఎన్ని ఆదివారాలు దీని కోసం గొంతు చించుకున్నానో! అందర్నీ పిలిపించాను. గది నిండింది. కిటికీలకు వేలాడారు. చిన్నయ్యను ఎదురుగా కూర్చోబెట్టాను.

"చిన్నయ్యా, పళ్ళెంలో నీకేం కనపడిందో నీ మాటల్లో చెప్పు."

"నల్లగా మెరుస్తా ఉన్నిందమ్మా."

"తరవాత?"

"ఓబులేసన్న ఊడ్చేవాడు వచ్చినాడా అన్న్యాడు. వచ్చినాడంటి."

"నిజంగా వచ్చాడా?"

"ఓబులేసన్న అడిగినంక రాకుండా యాడికి పోతాడమ్మా?"

ఖాదర్ బాషా అందుకున్నాడు. "ఆ ఊడ్చేవానికి ఈడ ఉండేదానికి ఇఖామా కాయితం ఉందా చిన్నయ్యా? చెక్‌పోస్టు ఎట్ల దాటినాడు? ఆ దారేదో మనకూ చెప్పమను, బస్సెందుకు?"

గది దద్దరిల్లింది. నేను చెయ్యెత్తి ఆపాను.

"గాజుల మాట ముందు ఎవరన్నారు?"

"ఓబులేసన్ననే. ఆడమనిషేనా అన్న్యాడు, అవునంటి. గాజులుండాయా అన్న్యాడు, ఉండాయంటి. పచ్చవేనా అన్న్యాడు, పచ్చవే అంటి."

ఇక్కడ ఆగి, కొత్త న్యాయమూర్తులకు ఒక మాట. అంజనంలో చూసేవాడు ఏమీ చూడడు. చూసేది అడిగేవాడు. తన అనుమానాన్ని ప్రశ్నగా మార్చి, ఎదుటివాడి నోటితో అవుననిపించి, దానికి దేవుడి సాక్ష్యమని పేరు పెడతాడు. మసీ పళ్ళెమూ లేకుండా ఇదే పని చేసే పెద్దమనుషుల్ని నేను తరవాత కోర్టుల్లో చాలామందిని చూశాను. వాళ్ళకు నల్లకోట్లు కూడా ఉన్నాయి. కాబట్టి సాక్షి ఏం జవాబు చెప్పాడో చదివేముందు, అతణ్ణి ఏమని అడిగారో చదవండి. నా వృత్తిలో సగం ఇదే.

మళ్ళీ గదిలోకి వద్దాం. నేను అక్కడితో ఆపలేదు. ఎలా ఆపుతాను? పళ్ళెం తెప్పించి చిన్నయ్య చేతిలో పెట్టాను.

"ఇప్పుడు చూడు. మనిషి వచ్చాడా?"

"వచ్చినాడమ్మా."

"మీసాలున్నాయా?"

"ఉండాయమ్మా."

"బొజ్జ?"

"ఉండాది."

"మెడలో ఈల వేలాడుతోందా?"

"ఏలాడతాం..." చిన్నయ్య తలెత్తాడు. ఎదురుగా ఓబులేసు గుండెల మీద ఈల కనపడింది. "అమ్మా! నన్ను బతకనీరా మీరు!"

కిటికీ మీదున్నవాళ్ళు నవ్వలేక కిందపడ్డారు. ఖాదర్ బాషా కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఏనుగు బొమ్మకన్నా ఎత్తు పెరిగాను.

ఓబులేసు లేచాడు. ముఖం కందిపోయింది. "నన్ను దొంగంటావా లాయరమ్మా? ఇంతమందిలో? సరే. మీ కమిటీ మీరే ఉంచుకోండి. ఆ బస్సు కూడా మీరే నడుపుకోండి. చెక్‌పోస్టులో ఆ అధికారితో మీ పైకోర్టే మాట్లాడుతాది. యల్లా, నేను పోతాండా!"

నవ్వు ఆగిపోయింది. ఆ అధికారి ఓబులేసును తప్ప మరెవర్నీ గుర్తుపట్టడు. ఓబులేసు లేకపోతే బస్సు గేటు దాటదు. అది గదిలో అందరికీ తెలుసు.

రమణమ్మ ఒక్కతే మొదటినుంచీ నవ్వలేదు. నా వైపు తిరిగి మెల్లగా అడిగింది. "అమ్మా, నువ్వు గెలిచినావు. నా సీటు యాడుండాదిప్పుడు?"

చిలక గుర్తొచ్చింది. మెట్ల మీద అనీస్ అన్న ప్రతి మాటా, ఊ కొట్టి వదిలేసినవన్నీ, ఒక్కసారి లోపలికి దిగాయి.

"అయితే దొంగెవరు?"

"ఓబులేసన్నా, కూర్చో" అన్నాను. "నిన్ను దొంగని నేననలేదు. పళ్ళెం అంది. పళ్ళెం మాట నీ మీద చెల్లుతుందా?"

"ఎట్ల చెల్లుతాదమ్మా! నువ్వు అడిగినావు, వాడు అవునన్న్యాడు. నువ్వు ఏనుగుందా అంటే ఏనుగు కూడా ఉండాదంటాడు వాడు!"

"అవునా?"

"కాకపోతే?"

"సరే. నీ మీద చెల్లదు. ఇంకెవరి మీదైనా చెల్లుతుందా?"

ఓబులేసు మెడలోని ఈలను అటూ ఇటూ తిప్పాడు. ఖాదర్ బాషా ఏదో అనబోతే కళ్ళతో ఆపాను. ఆ రోజు నేను చేసిన అత్యుత్తమ న్యాయసేవ ఖాదర్ బాషా జోకును ఆపడం.

ఓబులేసు అన్నాడు. "అదంతా బానే ఉండాది. అయితే దొంగెవరు? రేడియో రెక్కలొచ్చి పోయిందా? ఎవరో చెప్పు, ఇప్పుడే ఈమెను బస్సెక్కిస్తా."

గదిలో తలలన్నీ నా వైపు తిరిగాయి. అందరికీ కావలసింది అదే.

"నాకు తెలీదు" అన్నాను.

"పైకోర్టుకు కూడా తెలీదా?"

"తెలీదు. ఈమె తీసిందో లేదో కూడా తెలీదు. ఈమెను బస్సెక్కకుండా ఆపడానికి పళ్ళెం తప్ప మన దగ్గర ఇంకేమీ లేదని మాత్రం తెలుసు."

హైకోర్టులో నాతో కలిసి కూర్చున్న ఒక పెద్ద జడ్జి ఇదే ప్రశ్న అడిగారు. హత్య కేసు అప్పీలు. సాక్షులందరూ ఒకే వాక్యం చెప్పారు. పోలీసు ఒకే ప్రశ్న వేశాడు కాబట్టి చెప్పారు. టీ తాగే వేళలో ఆయన నా మీద మండిపడ్డారు. "వీణ్ణి వదిలేస్తే మరి చంపిందెవరమ్మా?" అన్నారు. "తెలియదు సార్" అన్నాను. "జడ్జివి, తెలియదంటావా!" అన్నారు. టీ చల్లారిపోయింది. మర్నాడు ఆయనే ముద్దాయిని వదిలేస్తూ తీర్పు రాసి పంపారు, నాకన్నా ఘాటుగా. తెలియదు అనడానికి సిగ్గుపడే జడ్జి చాలా ప్రమాదకరమైన మనిషి. ఆయన చేతికి ఎవడో ఒకడు దొరకాలి, లేకపోతే నిద్రపట్టదు. అంజనం వేసేవాడికీ ఇదే జబ్బు. పైకోర్టంటే తెలివి ఎక్కువున్న కోర్టు కాదు. తరవాత వచ్చిన కోర్టు, అంతే. దొంగను పట్టడం మన పని కాదు. ఒక మనిషికి జరిగినది నిలబడుతుందా లేదా చూడడం మన పని.

ఆ రోజు ఇదంతా చెప్పలేదు. చెప్పే వేళా కాదు. "ఓబులేసన్నా, తీర్పు నేను చెప్పను. కమిటీ తీర్పును కమిటీయే మార్చుకుంటుంది. మీ మాట మీరే చెప్పండి" అని బెంచీ మీంచి లేచాను. లేవడానికి ఇద్దరు చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

ఆయన బయటికి వెళ్ళిపోయాడు. తరవాత ఎండలో బస్సు వచ్చి ఆగింది. ఓబులేసు తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. రమణమ్మ గోడ నీడలో దిండు గలీబు పట్టుకొని నిలబడింది. నేను ఆమె పక్కన నిలబడ్డాను. మా వంతు తరవాతి బస్సులో. పేర్లు అయిపోవస్తున్నాయి. వాదించాలని నాలుక దురద పెట్టింది. కరుచుకున్నాను.

ఓబులేసు ఈల ఊదాడు. వీధి చివర సైనికుడు కూడా తిరిగి చూశాడు.

"మే రమణమ్మా! ఏం చూస్తాండావు గోడకానుకోని? కమిటీ మళ్ళా ఆలోచన చేసింది. ఎక్కు! నీకోసమని బస్సు ఆపుకోని నిలబడాల్నా నేను?"

ఆమె పరుగెత్తలేదు. నడిచే వెళ్ళింది. మెట్టు మీద నిలబడి ఓబులేసును ఎగాదిగా చూసింది. "ఆలోచన ముందే చేసింటే నేను ముందు సీట్లో కూర్చునేదాన్ని కదన్నా" అంది. ఖాదర్ బాషా వరండాలోంచి ఈల వేశాడు, ఓబులేసు ఈలకన్నా గట్టిగా. ఓబులేసు కోపంగా ఉండాలని చాలా ప్రయత్నించాడు. మీసాల కింద నవ్వు ఆగలేదు.

నాకు కృతజ్ఞతలు చెప్పలేదామె. వెనక్కి తిరిగి చూడనూ లేదు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి ఆమె గొంతు మాత్రం వినపడింది. పక్క సీటు మనిషితో గొడవ పడుతోంది. "నేను కూర్చున్న్యాక కిటికీ నీదెట్లయితాది? జరుగు!" అంటోంది. అవతలి మనిషీ తగ్గడం లేదు. బస్సు మలుపు తిరిగేదాకా ఇద్దరి గొంతులూ వినపడుతూనే ఉన్నాయి. ఆ కిటికీ చివరికి ఎవరికి దక్కిందో నాకు తెలియదు. దాని మీద అప్పీలు నా దాకా రాలేదు.